ఉప్పల్ పాలిటిక్స్: నాలుగు ఎన్నికలు.. నలుగురు ఎమ్మెల్యేలు! నాచారం, హబ్సిగూడ ఓటరు అభ్యర్థిని ఏం అడగాలి?

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ హైవే ఎక్కితే ముందుగా కనిపించేవి పిల్లర్లు. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ కోసం కట్టిన పిల్లర్లు. 2018 మే 5న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఈ పనులకు శంకుస్థాపన చేశారు. అదే రోజు, అదే హైవే మీద, అంబర్‌పేట ఫ్లైఓవర్‌కీ శంకుస్థాపన జరిగింది. అంబర్‌పేట ఫ్లైఓవర్ మీద 2025 ఫిబ్రవరి నుంచి బండ్లు తిరుగుతున్నాయి. 2025 మే 5న గడ్కరీయే వచ్చి లాంఛనంగా ప్రారంభించారు కూడా. ఉప్పల్ కారిడార్ మాత్రం ఏడేళ్లు దాటినా పూర్తి కాలేదు.

ఈ ఏడేళ్లలో ఉప్పల్ ప్రజలు ఎన్ని ఎన్నికలు చూశారో తెలుసా? రెండు అసెంబ్లీ ఎన్నికలు, రెండు లోక్‌సభ ఎన్నికలు, ఒక గ్రేటర్ ఎన్నిక. అన్నింటిలోనూ ఫ్లైఓవర్ ప్రచారాస్త్రమే. 2023 మార్చిలో అయితే ఆ పిల్లర్లకే పోస్టర్లు అంటించారు. పని ఎప్పుడు మొదలైంది, ఎంతవరకు వచ్చింది అంటూ నేరుగా ప్రధానినే ప్రశ్నించిన పోస్టర్లు అవి. అప్పుడు దేశవ్యాప్తంగా వార్త అయ్యింది. ఆ తర్వాత పోస్టర్లు పోయాయి, పిల్లర్లు మిగిలాయి.

మరి ఇంతమందిని గెలిపించిన ఉప్పల్ ఓటరు పని ఎందుకు తెగట్లేదు? తప్పు అభ్యర్థిదా, పార్టీదా, లేక మనం అడిగే ప్రశ్నలోనే ఏదైనా లోపం ఉందా? ఈ విశ్లేషణలో చూద్దాం.

ఉప్పల్ లెక్క ఇదీ

ఉప్పల్ అసెంబ్లీ నియోజకవర్గం నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడింది. తొలి ఎన్నిక 2009లో జరిగింది. 2020 గ్రేటర్ ఎన్నికల నాటి లెక్క ప్రకారం ఇందులో 10 డివిజన్లు ఉన్నాయి. కాప్రా, ఏఎస్ రావు నగర్, చర్లపల్లి, మీర్‌పేట్ హెచ్‌బీ కాలనీ, మల్లాపూర్, నాచారం, చిలుకానగర్, హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్. ఓటర్లు ఐదు లక్షలకు పైనే.

జనం కూడా ఒకే రకం కాదు. హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్‌లలో పారిశ్రామికవాడలు, వాటిని నమ్ముకున్న కార్మిక కుటుంబాలు. ఏఎస్ రావు నగర్, కాప్రా వైపు ఈసీఐఎల్ లాంటి సంస్థల ఉద్యోగులు, రిటైర్డ్ ఉద్యోగులు. వరంగల్, నల్గొండ, యాదాద్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. అందుకే ఇక్కడ ఒకే నినాదంతో అందరినీ ఒప్పించడం కష్టం.

ఇప్పుడు ఫలితాలు చూద్దాం.

2009లో కాంగ్రెస్ నుంచి బండారి రాజిరెడ్డి గెలిచారు. 2014లో టీడీపీతో పొత్తులో బీజేపీ నుంచి ఎన్వీఎస్ఎస్ ప్రభాకర్ గెలిచారు. టీఆర్ఎస్ అభ్యర్థి బేతి సుభాష్ రెడ్డిపై ఆయనకు వచ్చిన మెజారిటీ 14 వేల పైచిలుకు. 2018లో సీన్ మొత్తం మారింది. అదే బేతి సుభాష్ రెడ్డి 48 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. మహాకూటమి తరఫున పోటీ చేసిన టీడీపీ అభ్యర్థి తూళ్ల వీరేందర్ గౌడ్ రెండో స్థానంలో నిలిచారు. సిట్టింగ్ ఎమ్మెల్యే ప్రభాకర్ మూడో స్థానానికి పడిపోయారు. 2023లో బీఆర్ఎస్ నుంచి కొత్త అభ్యర్థి బండారి లక్ష్మారెడ్డి గెలిచారు.

అంటే నాలుగు ఎన్నికలు, నలుగురు ఎమ్మెల్యేలు. ఇప్పటివరకు ఒక్కరు కూడా వరుసగా రెండోసారి గెలవలేదు.

2023: టికెట్ దగ్గరే అసలు ఫైట్

2023 ఆగస్టు 21న కేసీఆర్ 115 మంది అభ్యర్థుల లిస్టు ఒకేసారి ప్రకటించారు. సిట్టింగ్‌లలో ఎక్కువమందికి మళ్లీ టికెట్ దక్కింది. మార్చిన కొద్ది సీట్లలో ఉప్పల్ ఒకటి. ఉద్యమకాలం నుంచి పార్టీలో ఉన్న బేతి సుభాష్ రెడ్డిని పక్కనపెట్టారు. టికెట్ ఆశించిన మాజీ మేయర్ బొంతు రామ్మోహన్‌కూ ఇవ్వలేదు. బండారి లక్ష్మారెడ్డి పేరు ప్రకటించారు.

ఎవరీ లక్ష్మారెడ్డి? 2009లో గెలిచిన బండారి రాజిరెడ్డి సోదరుడు. 2014లో కాంగ్రెస్ టికెట్‌పై ఇక్కడే పోటీ చేసి ఓడిపోయారు. 2018లో పొత్తులో భాగంగా కాంగ్రెస్ ఈ సీటును టీడీపీకి వదిలేసింది. తర్వాత ఆయన గులాబీ గూటికి చేరారు. అంటే ఓటరుకు ముఖం కొత్త కాదు, గుర్తు మాత్రమే కొత్త.

కాంగ్రెస్‌లోనూ అదే కథ. మందుముల పరమేశ్వర్ రెడ్డికి టికెట్ ఇచ్చారు. ఆయన భార్య రజిత 2020 గ్రేటర్ ఎన్నికల్లో ఉప్పల్ డివిజన్ నుంచి కార్పొరేటర్‌గా గెలిచారు. ఆ గెలుపు విలువ ఎంతో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. ఆ ఎన్నికల్లో 150 డివిజన్లలో కాంగ్రెస్ గెలిచింది రెండే రెండు. ఒకటి ఉప్పల్, రెండోది ఏఎస్ రావు నగర్. రెండూ ఈ నియోజకవర్గంలోనివే. కాబట్టి 2023లో ఉప్పల్ సీటు మీద కాంగ్రెస్‌లో ఆశలు గట్టిగానే ఉండేవి. టికెట్ రాని రాగిడి లక్ష్మారెడ్డి పార్టీ వీడి బీఆర్ఎస్‌లో చేరారు. తర్వాత 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆయనే మల్కాజిగిరి బీఆర్ఎస్ అభ్యర్థి అయ్యారు.

బీజేపీ మాత్రం పాత అభ్యర్థితోనే వెళ్లింది. ఎన్వీఎస్ఎస్ ప్రభాకర్ 2014లో తెలంగాణ నుంచి గెలిచిన ఐదుగురు బీజేపీ ఎమ్మెల్యేలలో ఒకరు. కిషన్ రెడ్డి, లక్ష్మణ్, రాజాసింగ్, చింతల రామచంద్రారెడ్డిలతో పాటు సభలో కూర్చున్నారు. ముగ్గురు ప్రధాన అభ్యర్థుల్లో అప్పటికే అసెంబ్లీ అనుభవం ఉన్నది ఆయన ఒక్కరికే.

ఫలితం ఏమైంది? లక్ష్మారెడ్డికి 1,32,927 ఓట్లు. పరమేశ్వర్ రెడ్డికి 83,897. ప్రభాకర్‌కు 47,332. మెజారిటీ 49,030. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోలింగ్ సగం మార్కు దగ్గరే ఆగింది. అంటే గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఓట్ల కన్నా, బూత్ వరకు రాని ఓటర్ల సంఖ్యే చాలా ఎక్కువ.

హామీలు: పార్టీవి ఎన్ని? ఉప్పల్‌వి ఎన్ని?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. 2023లో ఈ ముగ్గురూ ఏం చెప్పి ఓటు అడిగారు?

కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఉన్నది ఆరు గ్యారంటీల కార్డు. 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో ప్రకటించినవి. మహిళలకు నెలకు 2,500 రూపాయలు, 500 రూపాయలకే గ్యాస్ సిలిండర్, ఉచిత బస్సు, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంట్, 4,000 పెన్షన్, ఇల్లు లేనివాళ్లకు 5 లక్షల సాయం.

బీఆర్ఎస్ అభ్యర్థి చేతిలో ఉన్నది అక్టోబర్ 15న విడుదలైన మేనిఫెస్టో. తెల్లకార్డు కుటుంబాలకు 5 లక్షల జీవిత బీమా, రేషన్‌లో సన్నబియ్యం, దశలవారీగా 5,016 వరకు పెన్షన్, 400 రూపాయలకే సిలిండర్, 15 లక్షల ఆరోగ్యశ్రీ.

బీజేపీ నవంబర్ 18న మేనిఫెస్టో ఇచ్చింది. బీసీ ముఖ్యమంత్రి, ఉజ్వల లబ్ధిదారులకు ఏడాదికి నాలుగు ఉచిత సిలిండర్లు, ఉమ్మడి పౌరస్మృతి, మతం ఆధారంగా ఇచ్చే రిజర్వేషన్ల రద్దు.

మూడు లిస్టులూ చదివితే ఏం అనిపిస్తుంది? ఇవి ఆదిలాబాద్‌లో అడిగినా అవే, ఆలంపూర్‌లో అడిగినా అవే. నాచారం రోడ్డు గురించి, రామంతాపూర్ చెరువు గురించి, హబ్సిగూడ నాలా గురించి ఇందులో ఏమీ ఉండదు. స్థానిక హామీలు పాదయాత్రల్లో, కాలనీ మీటింగుల్లో నోటిమాటగా వస్తాయి. రాతపూర్వకంగా ఉండవు. ఐదేళ్ల తర్వాత "అప్పుడు ఏమన్నారు సార్?" అని అడగడానికి మన దగ్గర కాగితం ఉండదు.

పథకాలు ముఖ్యం కాదని కాదు. ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది. నాచారం నుంచి సికింద్రాబాద్‌కో, కోఠికో రోజూ పనికి వెళ్లే మహిళకు అది చిన్న సాయం కాదు. 200 యూనిట్ల కరెంట్ అద్దె ఇంట్లో ఉండేవాళ్లకూ ఉపయోగపడుతోంది. సన్నబియ్యం 2025 ఉగాది వేళ మొదలైంది. నెలకు 2,500 మాత్రం ఇంకా రాలేదు. ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సిన లెక్కలు. ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఏ పని ఎవరి చేతిలో ఉంది?

ఉప్పల్‌లో గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఒక్కో సమస్యకు ఒక్కో యజమాని.

ఎలివేటెడ్ కారిడార్: ఇది జాతీయ రహదారి 163. డబ్బు, మంజూరు కేంద్రం నుంచి రావాలి. భూసేకరణ, విద్యుత్ స్తంభాలు, పైపులైన్ల తరలింపు లాంటి పనులకు రాష్ట్ర ప్రభుత్వ సహకారం కావాలి. అందుకే రెండువైపుల వాళ్లూ "తప్పు వాళ్లదే" అని వేలు చూపించుకునే వీలు దొరికింది. ప్రాజెక్టు విలువ 600 కోట్లకు పైనే. ఎమ్మెల్యేకు నియోజకవర్గ అభివృద్ధి కింద ఏడాదికి ఇచ్చే నిధి ఎంత? 2021 బడ్జెట్‌లో దాన్ని 5 కోట్లకు పెంచారు. ఐదేళ్ల నిధి మొత్తం కలిపినా 25 కోట్లు. కాబట్టి "నన్ను గెలిపిస్తే ఫ్లైఓవర్ కట్టిస్తా" అని ఏ అభ్యర్థి చెప్పినా, ఎలా కట్టిస్తారో కూడా చెప్పాలి.

మెట్రో: 2017 నవంబర్‌లో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పుడే నాగోల్, ఉప్పల్, హబ్సిగూడలకు రైలు వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్ 26న స్కైవాక్ కూడా ప్రారంభమైంది. రోడ్డు దాటడానికి పరుగులు పెట్టే బాధ చాలావరకు తగ్గింది. కానీ నాచారం, మల్లాపూర్, ఈసీఐఎల్ వైపు? 2023 జులై 31న అప్పటి క్యాబినెట్ తార్నాక నుంచి ఈసీఐఎల్ చౌరస్తా వరకు, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్ వరకు మెట్రో విస్తరిస్తామని ప్రకటించింది. ఎన్నికలకు నాలుగు నెలల ముందు. ప్రభుత్వం మారింది. 2024 నవంబర్‌లో కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనలో 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు ఉన్నాయి. నాగోల్ నుంచి ఎయిర్‌పోర్ట్ లైన్ అందులో ఉంది. తార్నాక-ఈసీఐఎల్ లేదు, ఉప్పల్-బీబీనగర్ లేదు. ఆ రెండు లైన్ల కోసం అభ్యర్థులు ఏం చేస్తారన్నది నేరుగా అడగాల్సిన ప్రశ్న.

వరద, నాలాలు: 2020 అక్టోబర్ వానలు రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు మర్చిపోలేవు. చెరువులు నిండి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. పరామర్శకు వెళ్లిన అప్పటి ఎమ్మెల్యేను మహిళలు నిలదీసిన వీడియోలు వైరల్ అయ్యాయి. రెండు నెలలు తిరగకుండానే గ్రేటర్ ఎన్నికలు వచ్చాయి. హబ్సిగూడ, రామంతాపూర్ రెండు డివిజన్లూ బీజేపీ గెలిచింది. వరద ఒక్కటే కారణం అనలేం, కానీ ఆ కోపం బూత్ వరకు వెళ్లిందని అనుకోవచ్చు. నాలాల పని మున్సిపల్ కార్పొరేషన్‌ది. ఎమ్మెల్యే కార్పొరేషన్‌లో ఎక్స్ అఫీషియో సభ్యుడు. అంటే ఇక్కడ ఆయనకు నేరుగా మాట్లాడే హక్కు ఉంది. ఫ్లైఓవర్ విషయంలో చెప్పే సాకు నాలాల విషయంలో చెల్లదు.

కరెంట్ తీగలు: 2025 ఆగస్టులో కృష్ణాష్టమి వేడుకల వేళ రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో విద్యుత్ షాక్ తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు మొదలైంది. వేలాడే తీగల గురించి కాలనీవాసులు ఫిర్యాదు చేస్తే కదలని వ్యవస్థ, ప్రాణాలు పోయాక కదులుతుందా? ఈ ప్రశ్న డిస్కమ్‌కు మాత్రమే కాదు, ప్రతి ప్రజాప్రతినిధికీ వర్తిస్తుంది.

నాచారం అసలు సవాల్: ఫ్యాక్టరీ భూములు

ఫ్లైఓవర్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ మాట్లాడతారు. కానీ నాచారం, మల్లాపూర్, చర్లపల్లి కుటుంబాల భవిష్యత్తును మార్చేసే విషయం ఇంకొకటి ఉంది. పారిశ్రామికవాడల భూములు.

2025 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానం తెచ్చింది. అందరూ "హిల్ట్ పాలసీ" అంటున్నది దీన్నే. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 22 పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలు దీని కిందకు వస్తాయి. ఆ లిస్టులో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఉన్నాయి. యజమానులు నిర్ణీత ఫీజు కడితే ఫ్యాక్టరీ స్థలాన్ని ఇళ్లు, ఆఫీసులు, షాపులు, ఇతర అవసరాలకు మార్చుకోవచ్చు.

ప్రభుత్వం వాదన ఏంటి? ఒకప్పుడు ఊరి చివర ఉన్న ఫ్యాక్టరీలు ఇప్పుడు ఇళ్ల మధ్యలోకి వచ్చేశాయి. పొగ, వాసన, కలుషిత నీళ్లు జనం భరించలేకపోతున్నారు. పరిశ్రమలు ఔటర్ అవతలకు వెళ్తే నగరం ఊపిరి పీల్చుకుంటుంది, ఖజానాకు ఆదాయం వస్తుంది.

బీఆర్ఎస్ వాదన ఏంటి? ఒకప్పుడు పరిశ్రమల కోసం తక్కువ ధరకు ఇచ్చిన భూములను ఇప్పుడు నామమాత్రపు ఫీజుకు రియల్ ఎస్టేట్‌కు అప్పజెబుతున్నారు, ఇది 5 లక్షల కోట్ల కుంభకోణం అని కేటీఆర్ ఆరోపించారు. ప్రభుత్వం ఆ ఆరోపణను కొట్టిపారేసింది. బీజేపీ కూడా ఈ పాలసీని వ్యతిరేకించింది.

అయితే బీఆర్ఎస్ హయాంలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. 2020 ఆగస్టులో గ్రిడ్ పాలసీకి అప్పటి క్యాబినెట్ ఆమోదం తెలిపింది. ఐటీ అంతా పడమర వైపే ఎందుకు, తూర్పుకూ రావాలి అన్నది దాని ఉద్దేశం. పారిశ్రామిక భూములను ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి అందులో వీలు కల్పించారు. ఉప్పల్‌లో జెన్‌పాక్ట్ లాంటి సంస్థలు ఉండటం దానికి ఊతంగా చూపించారు. కాబట్టి ఫ్యాక్టరీ భూమి వాడకం మార్చాలన్న ఆలోచన ఒక్క పార్టీది కాదు. దేనికి మార్చాలి, ఎంత ధరకు, ఎవరి లాభం కోసం అన్నదే తేడా.

ఈ గొడవలో ఒకరి గొంతు పెద్దగా వినిపించట్లేదు. అది కార్మికుడిది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నాచారంలో ఒక యూనిట్‌లో నెలకు 18,000 జీతానికి పనిచేసే ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. ఈఎస్ఐ కింద అతని జీతం నుంచి 0.75 శాతం, అంటే 135 రూపాయలు కట్ అవుతుంది. యాజమాన్యం 3.25 శాతం, అంటే 585 రూపాయలు కడుతుంది. మొత్తం 720 రూపాయలతో ఇంటిల్లిపాదికీ వైద్యం. నాచారం ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గరలోనే ఉంది. పిల్లల స్కూలు పక్కనే. భార్య ఇంకో చిన్న యూనిట్‌లో ప్యాకింగ్ పని చేస్తుంది.

ఇప్పుడు ఆ యూనిట్ ఔటర్ అవతలకు పోతే? అతను రోజూ అంత దూరం వెళ్లాలి, లేదా ఇల్లు మారాలి, లేదా పని వదులుకోవాలి. యజమానికి భూమి విలువ పెరుగుతుంది. కార్మికుడికి ఏం వస్తుంది? ఇంటి అద్దె పెరగడం తప్ప! పరిశ్రమ తరలింపులో కార్మికుడికి పరిహారం ఉంటుందా, కొత్త చోట అదే సర్వీసు కొనసాగుతుందా, రవాణా ఏర్పాటు ఎవరిది? ఏ పార్టీ అభ్యర్థి అయినా నాచారంలో ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఈ మూడింటికి సమాధానం చెప్పాల్సిందే.

ఇంకోవైపు చూస్తే, అదే నాచారంలో ఫ్యాక్టరీల పక్కన అపార్ట్‌మెంట్ కొనుక్కున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. రాత్రిళ్లు కిటికీ తెరవలేక ఇబ్బంది పడేవాళ్లు పరిశ్రమలు వెళ్లాలనే కోరుకుంటారు. ఇద్దరూ ఓటర్లే. ఇద్దరికీ న్యాయం జరిగే దారి చూపించేవాడే అసలైన అభ్యర్థి.

గెలిచాక సీన్ ఏంటి?

2023లో రాష్ట్రమంతా కాంగ్రెస్‌కు 64 సీట్లు వస్తే, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఐదు సీట్లూ బీఆర్ఎస్ గెలిచింది. ఉప్పల్ ఎమ్మెల్యే ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఫిరాయింపు వివాదంలో పేర్లు వినిపించిన పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల్లో లక్ష్మారెడ్డి లేరు.

కానీ ఆయన చుట్టూ రాజకీయం మాత్రం వేగంగా కదిలింది. 2024 ఫిబ్రవరిలో బొంతు రామ్మోహన్ కాంగ్రెస్‌లో చేరారు. ఏప్రిల్‌లో బేతి సుభాష్ రెడ్డి బీఆర్ఎస్‌కు రాజీనామా చేసి ఈటల రాజేందర్‌కు మద్దతు ప్రకటించారు. మే 13న పోలింగ్ జరిగింది. ఆరు నెలల క్రితం మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లనూ బీఆర్ఎస్‌కు ఇచ్చిన ఓటర్లు, ఈసారి బీజేపీ అభ్యర్థి ఈటలను 3.91 లక్షల మెజారిటీతో గెలిపించారు. బీఆర్ఎస్ మూడో స్థానానికి వెళ్లింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఉప్పల్ ఓటరు పార్టీకి అతుక్కుపోయే రకం కాదు. ఎన్నికను బట్టి, అవసరాన్ని బట్టి ఓటు మారుతుంది. 2020లో ఇక్కడి 10 డివిజన్లలో టీఆర్ఎస్‌కు ఆరు, బీజేపీకి రెండు, కాంగ్రెస్‌కు రెండు వచ్చాయి. ఇది ఓటరు బలం. కానీ ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. ఎమ్మెల్యే ఒక పార్టీ, ఎంపీ ఇంకో పార్టీ, రాష్ట్ర ప్రభుత్వం మరో పార్టీ. పని జరిగితే క్రెడిట్ కోసం ముగ్గురూ వస్తారు. జరగకపోతే ముగ్గురూ పక్కవాళ్లను చూపిస్తారు.

అలాగని అధికార పార్టీకే ఓటేయాలి అనడం సరికాదు. 2018 నుంచి 2023 వరకు ఎమ్మెల్యే, రాష్ట్ర ప్రభుత్వం ఒకే పార్టీ. అయినా పిల్లర్లు అక్కడే ఉన్నాయి. 2024 నుంచి ఎంపీ, కేంద్ర ప్రభుత్వం ఒకే పార్టీ. అయినా కారిడార్ పూర్తి కాలేదు. మరోవైపు 2025 జనవరి 6న చర్లపల్లి రైల్వే టెర్మినల్‌ను ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. అప్పుడు ఎమ్మెల్యే బీఆర్ఎస్, ఎంపీ బీజేపీ, రాష్ట్రంలో కాంగ్రెస్. అంటే పార్టీలు వేరైనా పని జరుగుతుంది, ఒకే పార్టీ అయినా ఆగుతుంది. ఎవరు వెంటపడ్డారు, ఎంత గట్టిగా వెంటపడ్డారు అన్నదే తేల్చేది.

ఓటరు చేతిలో ఉన్న అస్త్రాలు

అభ్యర్థి గురించి తెలుసుకోవడానికి కార్యకర్తల మాటల మీదే ఆధారపడాల్సిన పని లేదు. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. అందులో చదువు, ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో ఎన్నికల సంఘం యాప్ ద్వారా కూడా దొరుకుతాయి. క్రిమినల్ కేసులు ఉంటే అభ్యర్థి పేపర్లలో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి తెలంగాణలో 40 లక్షలు. మీ కాలనీలో ఒక్క రోజు హడావుడి చూసి లెక్కేసుకుంటే అసలు ఖర్చు ఎంతో మీకే అర్థమవుతుంది.

అఫిడవిట్ అభ్యర్థి గతం చెబుతుంది. భవిష్యత్తు గురించి మాత్రం మనమే అడగాలి. కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, కార్మిక సంఘాలు కలిసి ఒక పేజీ ప్రశ్నలు తయారుచేసి, వచ్చిన ప్రతి అభ్యర్థితో సంతకం పెట్టించుకుంటే ఎలా ఉంటుంది? ఉదాహరణకు ఇవి:

ఒకటి, హిల్ట్ పాలసీ మీద మీ వైఖరి ఏంటి? కార్మికుల విషయంలో ఏం అడుగుతారు?

రెండు, తార్నాక-ఈసీఐఎల్ మెట్రోను తర్వాతి దశలో చేర్చడానికి మొదటి ఏడాదిలో ఏం చేస్తారు?

మూడు, రామంతాపూర్, హబ్సిగూడ నాలాలపై మున్సిపల్ కార్పొరేషన్‌లో ఏం ప్రతిపాదిస్తారు, గడువు ఎంత?

నాలుగు, నాచారం ఈఎస్ఐ ఆస్పత్రిలో డాక్టర్లు, మందుల పరిస్థితిని అసెంబ్లీలో ఎప్పుడు లేవనెత్తుతారు?

ఐదు, నియోజకవర్గ నిధి ఏ డివిజన్‌లో ఎంత ఖర్చు పెట్టారో ఏడాదికోసారి బయటపెడతారా?

ఇవి ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు. చేయగలిగిన అభ్యర్థికి ఇవే మంచి ప్రచారం. తప్పించుకునే అభ్యర్థి ఎవరో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

వచ్చే అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో రావాలి. అప్పటికి ఉప్పల్ ఐదో ఎమ్మెల్యేను చూస్తుందా, లేక తొలిసారి సిట్టింగ్‌కు మళ్లీ అవకాశం ఇస్తుందా అన్నది ఇప్పుడే చెప్పలేం. కానీ అప్పటివరకు ఆగాల్సిన అవసరం కూడా లేదు. ఇప్పుడున్న ఎమ్మెల్యేను, ఎంపీని, రాబోయే టికెట్ కోసం ఇప్పటినుంచే ఫ్లెక్సీలు కడుతున్న నాయకులను ఈ ప్రశ్నలు ఇవాళే అడగొచ్చు. ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్నవాళ్లు ఎవరైనా సమాధానం చెప్పాల్సిందే కదా!

మీ కాలనీలో అభ్యర్థిని మీరు అడగాలనుకుంటున్న మొదటి ప్రశ్న ఏంటి?